ఎవరు నేర్పిండ్రు?

పదో తరగతిలో ఉండగా నేనొక అబద్ధమాడాను. పెద్దది కాదు, రెండే మాటలు. దానివల్ల ఎవరి పైసా పోలేదు, ఎవరికీ దెబ్బ తాకలేదు. పైగా విన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నలభై ఏండ్లు కావొస్తున్నది. ఆ తర్వాత బతుకులో అంతకన్నా పెద్ద అబద్ధాలు ఆడే ఉంటాను, అవి యాదికి లేవు. ఇదొక్కటే మర్లమర్ల యాదికొస్తుంది.

1987 జనవరి 25, ఆదివారం. రిపబ్లిక్ డే ముందురోజు కరీంనగర్‌లో హైస్కూళ్ల బ్యాండు పోటీ. మా స్కూలుకు రెండో బహుమతి వచ్చింది. కప్పు ఇస్తూ ముఖ్య అతిథి నా భుజానికి వేలాడుతున్న సైడ్ డ్రమ్మును చూసి, "చాలా బాగా కొట్టావు బాబూ, ఎవరు నేర్పారు?" అని అడిగాడు. నేను మైకు ముందు నిలబడి "డ్రిల్లు సారు" అన్నాను.

నాకు నేర్పింది డ్రిల్లు సారు కాదు. మా బాపు. ఆ గడియలో మా బాపు మా ఊళ్లో దొర శవం ముందు డప్పు కొడుతున్నాడు.

ఎందుకు అబద్ధమాడాననేది పెద్ద ప్రశ్న కాదు. పదిహేనేండ్ల మాదిగ పిలగాడు మైకు ముందు నిలబడి ఎందుకట్లా చెప్తాడో ఈ పుస్తకం చదివేవాళ్లకు చెప్పనక్కర లేదు. అసలు ప్రశ్న వేరే ఉన్నది. తోలు ఒకటే, పుల్లలు రెండే, చేతులు ఒకే ఇంటివి. కరీంనగర్ మైదానంలో అది కళ అయింది, మా ఊళ్లో వెట్టి అయింది. తేడా ఎక్కడ పడింది? ఆ తేడా తెలియకుండా డప్పును వదిలెయ్యాలా, భుజాన వేసుకోవాలా అని ఎంత వాదించుకున్నా ఒడవదు. నేను ముప్పై ఏండ్లు ఆ వాదనలోనే ఉన్నాను, రెండు దిక్కులా మాట్లాడాను. అందుకే ముందు జరిగింది చెప్తాను.

మాది పెద్దపల్లి దిక్కు ఒక ఊరు. హైస్కూలుకు రోజూ నడిచి పోయేవాళ్లం. డ్రిల్లు సారు చెడ్డోడు కాదు. ఎన్.సి.సి.లో బ్యాండు నేర్చుకున్న మనిషి. దసరా సెలవులు అయిపోయినంక మా క్లాసుకు వచ్చి, "మాదిగోళ్ల పిలగాండ్లు ఎవరెవరున్నరు, లేవుండ్రి" అన్నాడు. ముగ్గురం లేచాము. "మీకు నేర్పే పనే లేదు, మీకు నెత్తురులనే ఉంటది" అన్నాడు. క్లాసు నవ్వింది. కానీ ఆయన ఎగతాళికి అనలేదు, మెచ్చుకుంటూనే అన్నాడు. నాకు కూడా ఆ రోజు అది మెచ్చుకోలు లెక్కనే వినబడింది.

నాలుగు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, ఒక జత ఇత్తడి తాళాలు, ఆరు ఫ్లూట్లు, ఒక బ్యూగిల్. ఇదీ మా బ్యాండు. మూడు సైడ్ డ్రమ్ములు మా ముగ్గురికి వచ్చాయి. ఫ్లూట్లు, బ్యూగిల్ మాకు రాలేదు. పుల్లతో కొట్టేవి మాకు, నోటితో ఊదేవి వాళ్లకు. ఒకే ఫ్లూటును ఈ ఏడు ఒకడు ఊదితే వచ్చే ఏడు ఇంకొకడు ఊదాలె. మాదిగోని పెదవి తాకినదాన్ని రేపు ఎవడు నోట్లో పెట్టుకుంటాడు? ఎవరూ ఈ మాట బయటికి అనలేదు. అనకుండానే సామాను సరిగ్గా పంచబడింది. కులం ఎప్పుడూ అంతే. చెప్పాల్సిన అవసరం లేనప్పుడే అది గట్టిగా పని చేస్తుంది.

పొద్దున ప్రార్థనకు ముందు గంట, సాయంత్రం బడి ఇడిసినంక గంట నేర్చుకునేది. మార్చ్ అడుగు నిమిషానికి 120. సారు చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టేవాడు. నూటిరవై దాటి ఉరికినా తప్పే, నూటపదికి జారినా తప్పే. మా ముగ్గురిలో ఒకడికి ఎంత కొట్టినా రాకపోయేది. వాళ్ల బాపు రైల్వే గ్యాంగులో పనిచేస్తుండె. వాళ్లింట్లో డప్పే లేదు. "నువ్వెట్ల మాదిగోనివిరా?" అని సారు వాణ్ని తిట్టేవాడు. నెత్తురులో ఉండేదే అయితే వాడికెందుకు రాలేదని ఆయన ఒక్కనాడూ అనుకోలేదు. నాకు కూడా ఆ ప్రశ్న చాలా ఏండ్ల దాకా తట్టలేదు.

నాకెట్లా వచ్చిందో చెప్తాను. ఐదారేండ్ల వయసులో బాపు పగిలిన తట్ట ఒకటి బోర్లించి రెండు పుల్లలు చేతికిచ్చాడు. కుడిచేతికి పొట్టిగా లావుగా ఉండే సిర్ర. ఎడమచేతికి సన్నగా పొడుగ్గా ఉండే సిటికెన పుల్ల. "సిర్ర మొత్తుకుంటది, సిటికెన పుల్ల మాట్లాడుతది" అనేవాడు. కుడిచెయ్యి ఎవనికైనా వస్తది, ఎడమచెయ్యి వస్తేనే డప్పు వచ్చినట్టు. ఎడమచెయ్యి తప్పితే వేళ్ల మీద సిర్రతో ఒకటి పడేది. వేళ్లు వాస్తే అవ్వ ఉప్పు కాపడం పెట్టేది. చావు దెబ్బ వేరు, పెండ్లి దెబ్బ వేరు, జాతర వేరు, సాటింపు వేరు. ఒక్కోదానికి ఒక్కో నడక. ఒక దెబ్బ చేతికి ఎక్కేసరికి ఒక ఎండాకాలం ఒడిసేది. అట్లా తొమ్మిదీ పదేండ్లు. నెత్తురులో ఉన్నదానికి పదేండ్లెందుకు పడుతుంది?

సైడ్ డ్రమ్ము పటాలం సామాను. పట్టీతో భుజానికి వేసుకుంటే పక్కకు ఒరుగుతుంది. అందుకే ఎడమ అరచేయి పైకి పెట్టి పుల్లను బొటనవేలి సందున పట్టే పద్ధతి వచ్చింది. మిగతా పిల్లలకు ఆ ఎడమచెయ్యే లొంగలేదు. నాకు వారంలో లొంగింది. మా బాపు దాన్ని పదేండ్లు కొట్టి దారికి తెచ్చి పెట్టాడు కనుక.

డిసెంబర్‌లో పెద్ద డ్రమ్ము తోలు పగిలింది. ప్లాస్టిక్ పొరలు 1950ల చివర్లో అమెరికాలో మొదలైనాయి. అంతకు ముందు పటాలం డ్రమ్ములకు దూడ తోలో, మేక తోలో ఉండేది. మా స్కూలుది పాత డ్రమ్ము, తోలుదే. కొత్త తోలు కావాలంటే హైదరాబాద్ పోవాలె. సారు నన్ను చెట్టు కిందికి పిలిచి మెల్లగా, "మీ నాయినకు తోలుపని వస్తది గదా. రాత్రికి తీస్కపో. ఎవ్వలకు చెప్పకు" అన్నాడు.

బాపు మేకతోలు నానబెట్టి, బూరు గీకి, తడి ఆరకముందే చెక్క కంకణానికి చుట్టి నీడకు రెండురోజులు ఆరేశాడు. డప్పుకైతే చింతగింజలు నూరిన బంకతో తోలును కట్టెకు అతికిస్తారు. ఈ డ్రమ్ముకు ఇనుప మరలున్నాయి. వాటిని బిగించి, ఇప్పి, మళ్లా బిగించి చిన్నపిలగాని లెక్క సంబురపడ్డాడు. పెద్ద డ్రమ్ము మోసేది ఒక పెద్ద కులం పిలగాడు. మా వాడకు వస్తే మంచినీళ్లు ముట్టడు. మా ఇంట్లో ఆరిన తోలును జనవరి దాకా పొట్టకు కట్టుకొని తిరిగాడు. సారు పది రూపాయలిస్తే బాపు తీసుకోలేదు. "నా కొడుకు కొట్టేదానికి పైసలేంది" అన్నాడు.

ఇది మా స్కూలు ఒక్కదాని దాపరికం కాదు. మృదంగాలు తయారుచేసే కుటుంబాల మీద, వాళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు, టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశాడు. 2020లో దాని ఆవిష్కరణకు హాలు ఇస్తామన్న చెన్నై కళాక్షేత్ర తర్వాత ఇవ్వమన్నది. నాదం అందరికీ కావాలె. తోలు ఎవరు గీకారో మాత్రం వినబడొద్దు.

ఇక ఆ శనివారం. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన కాలం నుంచి మా దిక్కు దొరలు ఒక్కొక్కరే గడీలు ఇడిసి పట్నాలు చేరారు. మా ఊరి దొర కూడా అట్లనే పోయాడు. బతికుండగా ఊరిడిసిన మనిషి సచ్చినంక ఊరికొచ్చాడు. పొద్దుగూకే యాళ్లకు కబురు: "పొద్దుగాల డప్పులు రావాలె."

అప్పటికి మా ఊళ్లో వెట్టి బందయిందనే లెక్క. నాగండ్లు కట్టుడు బందు, కట్టెలు మోసుడు బందు. డప్పు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. సంఘం పెట్టిన పిలగాండ్లు కూడా దాన్ని వెట్టి అనలేదు. ఆచారమన్నారు, మీ కళ గదా అన్నారు. కళ అని పేరు పెడితే ఎంత పెద్ద వెట్టి అయినా కండ్లకు కనబడకుండా పోతుందని నేను మొదటిసారి చూసింది అక్కడ.

వాడలో నాలుగు డప్పులుండేవి. ఇద్దరు గోదావరిఖనిల బాయి పనికి పోయారు. పెదబాపుకు దమ్ము. బాపు నా దిక్కు చూశాడు.

"రేపు పోటీ బాపు" అన్నాను.

"ఎర్కనే బిడ్డా."

"నువ్వు సుత పోకు. సంఘపోళ్లకు చెప్తం."

"చెప్తె రేపొక్కనాడు ఆపుతరు. నీకు రేపు కరీంనగర్ ఉన్నది. నాకు రేపూ ఎల్లుండీ ఈ ఊరే ఉన్నది."

అవ్వ చెంబులో నిప్పులు పోసి నా తెల్ల అంగీ ముడుతలు తీసింది. పొద్దుగాల బాపు ఇంటెనక గడ్డిమంట వేసి డప్పు కాస్తుండగా నేను మొదటి బస్సుకు పోయాను.

రాత్రి వచ్చేసరికి బాపు గడపల కూసోని చేతులు వేడినీళ్లలో పెట్టుకున్నాడు. పెదబాపు నడుమల కూలబడితే ఒక్కడే కాట్నం దాకా కొట్టాడట. "గిదేం చప్పుడురా, దొర సచ్చిండా కోడి సచ్చిందా" అని దొర చుట్టాలెవరో అన్నారట. కల్లు పోసి, ఒక తువాల ఇచ్చి పంపారు. గ్యాంగు కూలీ కొడుకు, నా దోస్తు, కప్పు ముచ్చట చెప్తూ చెప్తూ నేను మైకుల ఏమన్నానో అది కూడా చెప్పేశాడు. నేను తల వంచుకున్నాను.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు బాపు. "నా పేరు చెప్తె మెచ్చుకునేటోళ్లు మొకం తిప్పుకుందురు."

కోపంగా అంటే తట్టుకునేవాణ్ని. నిజంగానే మంచిగ చెప్పానని అనుకున్నాడు. నా అబద్ధాన్ని ఆయన నాకంటే ముందే, నేను పుట్టకముందే నమ్మి ఉన్నాడు.

ఆ పోటీ రాజ్యాంగం అమలులోకి వచ్చిన రోజు పేరు మీద జరిగింది. ఆ రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణం వెట్టిని పేరుపెట్టి నిషేధించింది. కొడుకు ఆ పండుగకు డ్రమ్ము కొడుతుంటే, తండ్రి ఆ నిషేధించిన పనిలోనే ఉన్నాడు. ఇద్దరి చేతుల్లో ఒకటే విద్య.

చదువుకున్న తర్వాత నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ సంవత్సరం నా చుట్టూ ఒకటి కాదు, రెండు అబద్ధాలున్నాయి. ఒకటి డ్రిల్లు సారుది: నీకు పుట్టుకతోనే వచ్చింది. ఇంకొకటి నాది: నాకు బడి నేర్పింది. ఒకటి కులం మాట, ఒకటి ఆధునికమైన మాట. రెండూ ఎదురెదురుగా ఉన్నట్టు కనబడతాయి. కానీ రెండూ కలిసి ఒకే మనిషిని మాయం చేస్తాయి. పుట్టుకతో వచ్చిందంటే నేర్పినవాడు లేడు. బడిలో వచ్చిందంటే నేర్పినవాడు మా ఇంట్లో లేడు. మా బాపు పదేండ్ల కష్టం, వాచిన నా వేళ్లు రెండు లెక్కల్లోనూ సున్నా.

"మీకు నెత్తురులనే ఉంటది" అనే మాట తిట్టు కంటే ప్రమాదం. తిట్టును తిప్పికొట్టొచ్చు. మెచ్చుకోలును కడుపులో దాచుకుంటాం. ఒకరికి చదువు నెత్తురులో ఉంది, ఒకరికి వ్యాపారం నెత్తురులో ఉంది, మాకు డప్పు నెత్తురులో ఉంది అనుకుంటే మనువు చెప్పినదానికి తేడా ఏముంది? అంబేద్కర్ 1936లో కులనిర్మూలన రాసినప్పుడు ముఖ్యంగా పట్టుకున్నది దీన్నే. కులంలో పని మనిషి ఎంచుకున్నది కాదు, మనిషి పుట్టకముందే వాని మీద రాసిపెట్టినది. అంతకుముందు 1928లో ఆయన బొంబాయి కౌన్సిల్‌లో మహర్ వతన్ మీద బిల్లు పెట్టింది కూడా ఇందుకే. ఊరి చాకిరీకి బదులు ఇచ్చే ఆ కాస్త భూమి, గింజలే మహర్ల మెడకు పలుగుతాడని ఆయన అన్నాళ్లూ వాదించాడు. మా కల్లాల కాడ మేర కింద పోసే గింజలు కూడా అటువంటివే.

ఈ ముద్ర మా ఊరితో, మన భాషతో ఆగలేదు. ఇంగ్లీషులో 'పరయా' అంటే అందరూ వెలేసినవాడు. ఆ మాట తమిళనాడు పరైయర్ల పేరు నుంచి పోయింది, వాళ్ల పేరు పరై అనే డప్పు నుంచి వచ్చింది. డప్పు కొట్టేవాని పేరు ప్రపంచానికి వెలివాడ పేరయింది. మరి ఆ ఇంగ్లీషువాళ్లు తమ పటాలంలో డ్రమ్మును ఎట్లా చూశారు? ఐరోపా సైన్యాల బ్యాండ్లకు పెద్ద డ్రమ్ము, తాళాలు తురుష్క జానిసరీల దగ్గర నుంచి 18వ శతాబ్దంలో వచ్చాయి. శత్రువు వాయిద్యాన్ని గౌరవంగా తెచ్చుకొని తమ రాజు ముందు నడిపించుకున్నారు. అంటే తోలుకు మైల లేదు, చప్పుడుకు మైల లేదు. కొట్టేవాని మెడ మీద ఎవరి చెయ్యి ఉంది అనేదే లెక్క.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నేను దాన్ని తప్పించుకోను. మా బాపు బతుకంతా కొట్టింది వెట్టి అంటే, ఆయన చేతిలో ఉన్నది కళ కాదా? ఆయన చావు దెబ్బలో ఒకచోట తన సొంత మలుపు ఒకటి వేసేవాడు. సిటికెన పుల్ల ఒక్క క్షణం ఆగి, తప్పిపోయినట్టే పోయి, సరిగ్గా అడుగు మీదికి వచ్చేది. దాన్ని ఎవరూ అడగలేదు. మేర పోసేవాళ్ల చెవులకు అది వినబడదు కూడా. ఎందుకు వేస్తవు బాపు అంటే, "గదొక్కటే నాది" అన్నాడు. కాబట్టి విద్యను వెట్టి అనను. చేతిలో ఉన్నది విద్య, మెడ మీద ఉన్నది వెట్టి. మనల్ని మెచ్చుకునేవాళ్లు చేతిని చూసి మెడను మరిచిపోతారు. మనలో కొందరం మెడను చూసి చేతిని నరుక్కుంటాం.

నేను కూడా నరుక్కున్నవాణ్నే. 1991 ఏప్రిల్ 14, అంబేద్కర్ శతజయంతి. మా వాడలో చదువుకున్న పిలగాండ్లం కూడి, ఇక నుంచి ఊరి చావులకు డప్పు కొట్టేది లేదని తీర్మానం చేశాం. అంతకు ఆరేండ్ల ముందు కారంచేడు జరిగింది. ఆ నెత్తురు మా చదువులో భాగమైపోయింది. తీర్మానం రెండో వారానికే ఊరు మాకు గిర్ని బందు పెట్టింది, దుకాణం బందు పెట్టింది, కూలికి పిలవలేదు. పిండి పట్టించడానికి ఆడోళ్లు నాలుగు మైళ్లు నడిచారు. డప్పు వద్దన్న మాట వెల ఎంతో ఆ నాలుగు మైళ్లలో తెలిసింది. అందుకే నేను 1987లో బాపును "పోకు" అన్నది ఎంత తేలికైన మాటో కూడా తెలిసింది. వద్దనడం ఒక్కని ధైర్యంతో అయ్యే పని కాదు. వాడ మొత్తం వెనక నిలబడితేనే ఒక్క మనిషి వద్దనగలడు.

బాపు తీర్మానాన్ని మెచ్చలేదు, కాదనలేదు. డప్పును గోడకు తగిలించాడు. నాలుగేండ్లు అది దిగలేదు. తోలు సడలిపోయింది.

1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దండోరా అన్నారు. ఊరి పెద్దల హుకుం చాటడానికి మాదిగోడు వేసిన దండోరా, మాదిగోని మాట చాటే ఉద్యమం పేరయింది. ఆ గాలి ఒక్కదానితో ఆగలేదు. ఆదివాసీలది తుడుందెబ్బ అయింది, గొల్లకురుమలది డోలుదెబ్బ, లంబాడీలది నంగారా భేరి. తెలంగాణలో కిందికులాలు కాగితం మీద పేరు పెట్టుకోకముందు వాయిద్యం మీద పేరు పెట్టుకున్నాయి. మరుసటేడు కరీంనగర్ మీటింగుకు మా వాడ లారీ కట్టుకొని పోతుంటే, బాపు ఎవరికీ చెప్పకుండా గోడకున్న డప్పు దించి, కొత్త తోలు వేసి, మంటకు కాస్తున్నాడు. నాకు కోపమొచ్చింది. "బంద్ పెట్టినం గదా బాపు?" అన్నాను.

"పెట్టినం గాబట్టే ఇప్పుడు కొడ్త" అన్నాడు. "ఇన్నేండ్లు పిలిస్తే పోయిన. ఇయ్యాల నేనే పోతున్న."

నా వెతుకులాటకు జవాబు అక్కడ దొరికింది. కొందరు డప్పు వదిలెయ్యాలంటారు, కొందరు ఎత్తుకోవాలంటారు. ఇవి రెండు దారులు కావు, ఒకే దారిలో ముందొకటి, వెనకొకటి. గోడకు తగిలిన ఆ నాలుగేండ్ల మౌనం లేకుంటే కరీంనగర్‌లో కొట్టిన దెబ్బ కూడా ఇంకొక దొర ముందు కొట్టిన దెబ్బే అయ్యేది. కొట్టను అనగలిగినవాడు కొట్టినప్పుడే అది వాని సొంతం. ఆ 'కొట్టను' అనే హక్కు ఇవ్వకుండా డప్పును పొగిడేవాళ్లు, రాజకీయ సభల్లో అయినా, సాంస్కృతిక ఉత్సవాల్లో అయినా, డ్రిల్లు సారు వారసులే.

ఇంతవరకు రాసి ఆపితే నేను మంచోణ్నే అనిపిస్తుంది. కానీ ఇంకొకటి చెప్పాలె.

నేను టీచర్‌నయ్యాను, పాత ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరు దిక్కు పనిచేస్తున్నాను. 2023లో మా స్కూలు బ్యాండు బాధ్యత నాకు వచ్చింది. ఇప్పుడు కేంద్ర విద్యాశాఖ, రక్షణశాఖ కలిసి రిపబ్లిక్ డేకు జాతీయస్థాయి స్కూలు బ్యాండు పోటీ పెడుతున్నాయి. బ్రాస్ బ్యాండు, పైపు బ్యాండు అని విభాగాలు. డప్పుకు, తుడుంకు విభాగం లేదు. అంత దూరం పోయే తాహతు మాకు లేదు, జిల్లాలో జరిగేదానికే తయారవుతున్నాం. కానీ ఆ కాగితం చూసి నాకు మండింది. మా బ్యాండులో డప్పు, తుడుం పెడతాను అనుకున్నాను. గోండు పిలగాడు తుడుం సంతోషంగా తీసుకున్నాడు. వాళ్ల దిక్కు దండారి వస్తే ఊరే ఆడుతుంది. గుస్సాడీ ఆడిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబర్‌లో చనిపోయే దాకా ఆయన్ను ఆ దిక్కు పిల్లలు తమ పెద్దగా చూసుకున్నారు. తుడుం మోగేది వాళ్ల దేవుని ముందు, వాళ్ల వాళ్ల కోసం. ఎదుటివాని చావుకు కాదు.

తొమ్మిదో తరగతిలో ఒక మాదిగ పిల్ల ఉన్నది. వాళ్ల తాత పేరున్న డప్పు మనిషి. డప్పు ఆమె చేతికిచ్చాను. ఆడపిల్ల డప్పు కొడితే రెండు కట్లు ఒకేసారి తెగుతాయని నాలో నేనే మురిసిపోయాను. ఆమె తీసుకోలేదు.

"సార్, ఇది మా ఇంట్ల గోడకు ఉన్నదే. నాకు ఊదేది ఇయ్యుండ్రి."

నేను కూర్చోబెట్టి ఉపన్యాసమిచ్చాను. మన కళ, మన అస్తిత్వం, మన పోరాటం. ఆ పిల్ల మొత్తం విని, మెల్లగా అడిగింది:

"నన్ను జూసి ఇచ్చిండ్రా సార్, మా తాతను జూసి ఇచ్చిండ్రా?"

నాకు జవాబు లేదు. 1986లో "మాదిగోళ్ల పిలగాండ్లు ఎవరెవరున్నరు, లేవుండ్రి" అన్న గొంతు నా గొంతులోనే ఉన్నది. సారు వెనకబాటుతనంతో అన్నాడు, నేను చైతన్యంతో అన్నాను. లేచి నిలబడాల్సింది మాత్రం ఆ పిల్లే.

రెండు వారాలు అందరు పిల్లలూ అన్నీ పట్టుకొని చూడాలని పెట్టాను. ఆ తర్వాత ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకున్నారు. ఆ పిల్ల ట్రంపెట్ తీసుకున్నది. డప్పు ఒక మున్నూరు కాపు పిలగాడు తీసుకున్నాడు. మూడోనాడు వాళ్ల నాయనమ్మ బడికి వచ్చింది. "మా పిలగానితోని డప్పు కొట్టిస్తున్నరట?" అన్నది. "కొట్టిస్తలేనవ్వా, నేర్చుకుంటుండు" అన్నాను. ఆమెకు నమ్మకం కుదరలేదు, కానీ పిలగాణ్ని మాన్పించలేదు. నేర్పడానికి ఆ పిల్ల తాతను పిలిచాము. బ్యాండుకు వచ్చిన పైసల్లోంచి రోజుకింత అని ముందే మాట్లాడి ఇచ్చాము. మొదటిరోజు ఆయన వరండా అంచుకు కూర్చున్నాడు. కుర్చీ వేస్తే పక్కకు జరిగాడు. నాలుగోరోజు కుర్చీలో కూర్చొని, ఆ కాపు పిలగాని ఎడమచేతి వేళ్ల మీద సిర్రతో ఒకటి ఇచ్చాడు. నేను వద్దని చెప్పాను. ఆయన నవ్వి, "గట్ల గాకుంటే రాదు సారూ" అన్నాడు. కొట్టకుండా నేర్పొచ్చో లేదో మేం ఇద్దరం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

పోటీలో మాకు ఏ బహుమతీ రాలేదు. ట్రంపెట్ రెండుచోట్ల పగిలిన గొంతులా మోగింది, డప్పు ఒకచోట నూటిరవై దాటి ఉరికింది. న్యాయనిర్ణేత ఒకాయన డప్పు పిలగాణ్ని "ఎవరు నేర్పారు?" అని అడిగాడు. వాడు ఏమీ ఆలోచించకుండా, వెనక నిలబడ్డ పిల్లను చూపించి "వీళ్ల తాత" అన్నాడు. వాడికి ఆ మాట ఎంత తేలికగా వచ్చింది! పోగొట్టుకునేది ఏమీ లేనివానికి నిజం తేలిక. ఆ తేలిక మన పిల్లలకు కూడా రావాలె. దానికే ఈ కొట్లాటంతా.

2016 జనవరి 26 నుంచి అట్రాసిటీ చట్టం సవరణ అమలులో ఉన్నది. వెట్టి చేయించడం, శవాలు, కళేబరాలు మోయించడం, గోతులు తవ్వించడం అన్నీ అందులో నేరాలుగా రాసి ఉన్నాయి. చట్టం ఉన్నది, ఊరూ ఉన్నది. ఇది చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీరు వాడకు పోయి డప్పు గురించి మాట్లాడుతారు. కొట్టుమనకండి, మానుమనకండి. ముందు కొట్టనంటే ఆ ఇంటికి పిండి ఎవరు పట్టించి తెస్తారో చూడండి. అది చూసుకున్నాక మాట్లాడండి.

మా బాపు ఇప్పుడు లేడు. అందుకని ఆ మైకు ముందు చెప్పాల్సింది ఇక్కడ చెప్తున్నాను. నాకు డ్రమ్ము నేర్పింది మా బాపు. ఆయనకది పుట్టుకతో రాలేదు. వాళ్ల బాపు దగ్గర, వేళ్లు వాచేటట్టు దెబ్బలు తిని నేర్చుకున్నాడు.